చనిపోయిన వన్యప్రాణిని అప్పగించే చోటు చూపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ ఫిబ్రవరిలో ఒక రాత్రి వికారాబాద్ నుంచి హైదరాబాద్‌కు తిరిగి వస్తుండగా, చేవెళ్ల దాటి మొయినాబాద్ చేరకముందే, రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు కమ్ముకున్న చోట మా కారు కింద ఒక పునుగు పిల్లి పడింది. కారు నడుపుతున్నది మా తమ్ముడి కొడుకు. వేగం ఎక్కువేమీ లేదు, కానీ ఎదురుగా వచ్చే లారీ లైట్ల వెలుతురులో అది ఎటు నుంచి దూకిందో మా ఇద్దరికీ కనబడలేదు. దిగి చూసేసరికి ప్రాణం పోయింది. బూడిద రంగు ఒంటి మీద వరుసలు కట్టిన నల్ల చుక్కలు, తోక పొడవునా కడియాలు తొడిగినట్టు నల్లటి పట్టీలు, దగ్గర దగ్గరగా ఉన్న రెండు చిన్న చెవులు, ముక్కు దగ్గర సన్నటి నెత్తుటి చార. అంతకు మించి ఒంటి మీద గాయమేదీ లేదు. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలల్లోనూ డిగ్రీ కళాశాలల్లోనూ జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నేను, అంత దగ్గరగా, అంత చెక్కుచెదరని పునుగు పిల్లిని చూడడం అదే మొదటిసారి. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత స్వామివారికి పులిమే పునుగు తైలం ఈ జంతువు నుంచే వస్తుందని తరగతిలో ఏటా చెప్పేవాణ్ని గాని, పిల్లలకు చూపించడానికి మా ప్రయోగశాలలో దాని పుర్రె కూడా ఉండేది కాదు.

ఆ రాత్రి దాన్ని రోడ్డు మీద వదిలేసి రావడానికి నాకు మనసొప్పలేదు. చట్టం కొంత తెలిసినవాణ్ని కాబట్టి దాన్ని దాచుకోకూడదనీ తెలుసు, చెప్పవలసిన చోట చెప్పాలనీ తెలుసు. ఆ చెప్పవలసిన చోటు కోసం తరువాతి రెండు రోజులు నేను పడిన తిరుగుడే ఈ ఉత్తరానికి కారణం.

ముందు చట్టం మాట. మన జనంలో ఎక్కువ మంది నమ్మకం ఏమిటంటే, జంతువును చంపితేనే నేరం, దానంతటది చచ్చిపడి ఉంటే తీసుకున్నవాడిదే అని. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అలా చెప్పడం లేదు. ఆ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం చచ్చి కనబడిన వన్యప్రాణి, పొరపాటున చంపబడిన వన్యప్రాణి, దాని మాంసం, చర్మం, కొమ్ము, గోరు, అన్నీ రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. కేంద్రం ప్రకటించిన అభయారణ్యంలోనో జాతీయ ఉద్యానంలోనో అయితే కేంద్ర ప్రభుత్వ ఆస్తి. అటువంటి ఆస్తి ఏ విధంగానైనా ఎవరి చేతికి వచ్చినా వారు 48 గంటల్లోగా సమీప పోలీసు స్టేషన్‌కు గాని, అధికారం పొందిన అటవీ అధికారికి గాని తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల సంరక్షణ చూసే పై అధికారి) నుంచో, ఆయన అధికారమిచ్చిన అధికారి నుంచో ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని ఉంచుకోకూడదు, మరొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు, చివరికి పాడుచేయకూడదు, నాశనం చేయకూడదు. ఆత్మరక్షణ కోసం, లేదా పక్కవాడి ప్రాణం కాపాడడం కోసం సద్భావంతో ఒక జంతువును చంపితే అది నేరం కాదని 11వ సెక్షన్ చెబుతూనే, ఆ కళేబరం మాత్రం ప్రభుత్వానిదేనని అక్కడే స్పష్టం చేసింది. రోడ్డు మీద లారీ కొట్టిన దుప్పిని ఊళ్లోవాళ్లు కోసుకుని పంచుకున్నా, బావిలో పడి చచ్చిన అడవి పందిని వండుకున్నా, మేము చంపలేదు కదా అన్న మాట చట్టం ముందు నిలవదు.

ఈ నియమం కఠినంగా కనబడుతుంది గాని, దానికి వెనుక ఉన్న ఆలోచన సరైనదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. చచ్చి దొరికినదాన్ని ఉంచుకోవచ్చు అని ఒక్క సందు వదిలితే, ప్రతి వేటగాడూ తన సంచిలో ఉన్నది దారిలో చచ్చి దొరికిందనే చెబుతాడు. పులిగోరు బంగారంలో పొదిగించి మెడలో వేసుకునే ఆచారం మన ఇళ్లలో ఇంకా చావలేదు. ఉడుము శరీర భాగాన్ని ఎండబెట్టి, అదేదో చెట్టు వేరు అని, ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని చెప్పి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. అలుగు పొలుసులకూ నక్షత్ర తాబేళ్లకూ అక్రమ వ్యాపారం ఉందని అందరికీ తెలుసు. అందుకే 57వ సెక్షన్, ఎవరి దగ్గరైనా వన్యప్రాణి గాని దాని భాగం గాని పట్టుబడితే అది అక్రమంగా ఉన్నట్టే భావించి, కాదని రుజువు చేసుకునే భారాన్ని ఆ మనిషి మీదే పెట్టింది. శిక్ష కూడా తక్కువ కాదు. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న చట్టం ప్రకారం మామూలు ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చిన జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు విషయంలో అయితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేలకు తగ్గని జరిమానా.

ఉచ్చు పెట్టి, వల వేసి, మందు పెట్టి, పొలం చుట్టూ కరెంటు తీగ లాగి చంపిన జంతువుకు పొరపాటు అన్న మాట అతకదని కూడా ఇక్కడే చెప్పాలి. అడవి పంది కోసం పెట్టిన తీగకు మరేది తగిలినా, తగలకపోయినా, అది చంపడానికి పెట్టిన తీగే. నేను మాట్లాడుతున్నది ఆ సంగతి కాదు. దారిన పోతూ అనుకోకుండా ఒక జంతువు చావుకు కారణమైనవాడి గురించి, లేదా ఉదయం నడకకు వెళ్లి రాలిపడిన గుడ్లగూబను చూసినవాడి గురించి, చట్టం చెప్పిన పని చేద్దామని ముందుకు వచ్చినవాడి గురించి మాట్లాడుతున్నాను.

ఆ రాత్రి మేము పునుగు పిల్లిని గోనెసంచిలో చుట్టి, దారిలో చేపల దుకాణం కట్టేస్తున్న ఒకాయనను బతిమాలి, థర్మాకోల్ పెట్టె, నాలుగు కిలోల ఐసు కొన్నాము. మొదట వెళ్లిన పోలీసు స్టేషన్‌లో రాత్రి డ్యూటీలో ఉన్న అతను మర్యాదగానే మాట్లాడాడు. “సార్, ఇది మా దగ్గర రాసుకునేది కాదు, ఫారెస్టోళ్లకు చెప్పండి” అన్నాడు. చట్టంలో సమీప పోలీసు స్టేషన్ అనే ఉంది నాయనా అని చెబితే, “ఉండొచ్చు సార్, కానీ ఇంతవరకు ఎవరూ ఇట్ల తేలేదు, ఏ రిజిస్టర్‌ల రాయాల్నో నాకు తెల్వది” అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, అతనికి ఎవరూ చెప్పి ఉండరు. మరునాడు పొద్దున అటవీ శాఖ కార్యాలయం ఒకదానికి ఫోను చేస్తే, అవతలివారు అసలు ఎందుకు ఎత్తుకొచ్చారు, అక్కడే వదిలేయాల్సింది అన్నారు. రెండో చోట, తీసుకుని రండి చూద్దాం అన్నారు, తీసుకువెళితే సంబంధిత అధికారి ఫీల్డుకు వెళ్లారు. మూడో చోట ఒక పెద్దాయన పెట్టె మూత తీసి చూసి, నిజంగా బాధపడి, “దీన్ని ఎక్కడైనా పూడ్చేయండి మాస్టారూ, కాయిదం మీద పెట్టుకుంటే మీకే తిప్పలు” అని నా మేలు కోరే సలహా ఇచ్చారు. మా తమ్ముడి కొడుకు అప్పటికే భయపడిపోయాడు. “పెద్దనాన్నా, మనం మంచికి పోతే కేసయ్యేట్టుంది, బండి నంబరు కూడా అడిగిన్రు” అన్నాడు. నాకు కోపం రాలేదు గాని చాలా దిగులు వేసింది. చట్టం చెప్పినట్టు నడుచుకున్నందుకు ఆ పిల్లవాడు భయపడ్డాడు. దాన్ని మురుగుకాల్వలో పారేసి ఇంటికి వెళ్లి పడుకున్నవాడికి ఏ భయమూ ఉండేది కాదు.

రెండో రోజు సాయంత్రానికి ఐసు మార్చినా వాసన మొదలైంది. 48 గంటలు పూర్తి కాకముందే ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో, ఎవరెవరికి చెప్పానో అంతా ఒక కాగితం మీద రాసి, రెండు ఫోటోలు జతచేసి, డివిజన్ స్థాయి అటవీ అధికారికి స్పీడ్ పోస్టులో పంపాను. ఆ తరువాతే చేవెళ్ల దగ్గరి మా తమ్ముడి పొలం గట్టున, వేపచెట్టు కింద, మోకాలి లోతు గుంత తీసి పూడ్చాము. పూడ్చడం కూడా నిబంధనకు పూర్తిగా లోబడిన పని కాదని, రాతపూర్వక అనుమతి లేకుండా నాశనం చేయరాదన్న మాట నాకు గుర్తుందని, ఎక్కడ పూడ్చామో చూపించడానికి సిద్ధంగా ఉన్నామని ఆ ఉత్తరంలోనే రాశాను. ఈ మొత్తం వ్యవహారంలో నా చేతిలో మిగిలిన కాగితం తపాలా కార్యాలయం ఇచ్చిన రశీదు ఒక్కటే.

నేను ఆ కార్యాలయాల పేర్లు రాయడం లేదు, రాయవలసిన అవసరమూ లేదు. అక్కడివారు చెడ్డవారు కారు. వారి ముందు చట్టం ఉంది గాని, ఆ చట్టాన్ని అమలు చేసే రిజిస్టరు, పెట్టె, మనిషి లేవు. ఆ లోటు గురించి ప్రభుత్వమూ అటవీ శాఖా ఆలోచించాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

చచ్చిన జంతువు కోసం ఇంత యాతన ఎందుకు అని అడిగేవారు ఉంటారు. రాబందుల సంగతి చూడండి. 1990ల నుంచి మన దేశంలో రాబందులు కళ్ల ముందే మాయమయ్యాయి, తెల్ల నడుము రాబందు అయితే 99 శాతానికి పైగా తగ్గిపోయింది. కారణం ఏమిటో ఏళ్ల తరబడి ఎవరికీ అంతు చిక్కలేదు. ఏదో వైరస్ అని, తిండి లేక అని రకరకాలుగా అనుకున్నారు. పాకిస్తాన్ పంజాబ్‌లో రాలిపడిన రాబందుల కళేబరాలను పోగుచేసి, కోసి, మూత్రపిండాలు పాడై లోపలి అవయవాల మీద తెల్లటి పొడిలా యూరిక్ ఆమ్లం పేరుకున్న సంగతి గమనించి, పశువులకు నొప్పి తగ్గడానికి వేసే, వాటి కళేబరాలు తిన్న రాబందులకు చేరే డైక్లోఫెనాక్ మందు దానికి కారణమని 2004లో తేల్చారు. 2006లో భారతదేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. మన తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకున్నాయంటే సంతోషించిన మనం, వాటి జాతిని కాపాడే దారి చచ్చిన పక్షుల పొట్టల్లోంచి దొరికిందన్న సంగతి మరచిపోకూడదు. ఆ కళేబరాలను ఎవరికి వారు పూడ్చేసి ఉంటే, ఆ మందు ఇంకెన్నేళ్లు పశువుల ఒంట్లోకి ఎక్కేదో.

బ్రిటన్‌లో 1960ల నుంచి జనం తమకు చచ్చి దొరికిన గద్దలను, డేగలను, గుడ్లగూబలను ఒక పరిశోధన పథకానికి పంపుతున్నారు. వాటి కాలేయాలు పరీక్షించి పురుగుమందులు, ఎలుకల మందులు ఏ మేరకు పేరుకుంటున్నాయో ఏటేటా లెక్క కడుతున్నారు. స్వీడన్‌లో ఎలుగుబంటి, తోడేలు, నీటికుక్క, గరుడపక్షి వంటివి చచ్చి దొరికితే అవి ప్రభుత్వానివే. మన 39వ సెక్షన్ లాగానే అక్కడా దొరికినవాడు ఉంచుకోకూడదు, కాని అక్కడ అవి జాతీయ పశువైద్య సంస్థకూ ప్రకృతి చరిత్ర మ్యూజియానికీ చేరి శాస్త్రానికి పనికివస్తాయి. మన చట్టం కూడా అదే మాట చెబుతుంది, ఆస్తి ప్రభుత్వానిది అంటుంది. మన దగ్గర ఆ ఆస్తి రోడ్డు పక్కన కుక్కల పాలవుతోంది.

హైదరాబాద్‌లో రాలిపడే గుడ్లగూబల్లో ఎన్ని ఎలుకల మందు తిన్న ఎలుకలను తిని చస్తున్నాయో, ఎన్ని కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయో పరీక్షిస్తేనే గదా తెలిసేది. సంక్రాంతి రోజుల్లో మాంజా తెగ్గోసిన గద్దలు, కొంగలు చెట్ల కొమ్మలకు వేలాడుతూ కనిపిస్తాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. నిషేధం ఎంతవరకు పనిచేస్తోందో చెప్పే లెక్క ఆ చచ్చిన పక్షులే, వాటిని లెక్కపెట్టేవారే లేరు. అవుటర్ రింగ్ రోడ్డు మీద, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద ఏ మలుపు దగ్గర ఏ జంతువు ఎక్కువగా చస్తోందో తెలిస్తే అక్కడ వేగ నిరోధకం వేయవచ్చు, కింద నుంచి దారి తీయవచ్చు. పునుగు పిల్లులు, నక్కలు, కుందేళ్లు, ముంగిసలు రాత్రి చచ్చి, పొద్దున్నకు టైర్ల కింద అణిగిపోయి, మధ్యాహ్నానికి ఆనవాలు లేకుండా పోతుంటే ఆ లెక్క ఎక్కడ నుంచి వస్తుంది?

ఇక చదువు సంగతి. కళాశాలల్లో జంతువులను కోయడం ఆపేయాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చెప్పింది, అది మంచి పని. మా తరం కప్పలను, బొద్దింకలను కోసిన లెక్కకు అంతు లేదు. కాని కోత ఆగిపోయాక పిల్లలకు అసలైన ఎముక, అసలైన పన్ను, అసలైన రెక్క ఎలా ఉంటుందో చూపించే దారి కూడా మూసుకుపోయింది. మాంసం తినే జంతువు దవడకూ గడ్డి తినే జంతువు దవడకూ ఉన్న తేడా బొమ్మలో వంద సార్లు చూపించినా, రెండు పుర్రెలు చేతికిచ్చి, ఇది కత్తెర, అది తిరగలి అని చెప్పినప్పుడు పిల్లవాడి కంట్లో వచ్చే వెలుగు రాదు. రోడ్డు మీద పోయిన ఒక దుప్పి, ఒక ముంగిస, ఒక గుడ్లగూబ శుభ్రమైన అస్థిపంజరాలుగా ఒక కళాశాలకు చేరితే కనీసం యాభై ఏళ్లు పాఠం చెబుతాయి. ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో ప్రభుత్వమే చచ్చిన వన్యప్రాణుల చర్మాలను శుభ్రపరచి నిలబెట్టే కేంద్రాన్ని చాలా ఏళ్లుగా నడుపుతోంది. చట్టానికి లోబడే ఈ పని జరుగుతుందని చెప్పడానికి అదే సాక్ష్యం.

దారి చట్టంలోనే ఉంది. 39వ సెక్షన్‌లో ‘రాతపూర్వక ముందస్తు అనుమతి’ అన్న మాట ఉంది, అంటే అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణలో అటువంటి భాగాలను ఎలా వినియోగించాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తూ, అమ్మకం, వేలం ఉండరాదని, వాటికి యాజమాన్య ధ్రువపత్రం ఇవ్వరాదని కట్టడి చేశారు. ఇంతకంటే మంచి కంచె మనకు అక్కర్లేదు. ఒక కళాశాలకు అస్థిపంజరం ఇచ్చినా అది ప్రభుత్వానిదిగానే ఉంటుంది, కళాశాల దాన్ని చూసుకుంటుంది, అంతే. కాబట్టి కొత్త చట్టం అడగడం లేదు. మృగవని, మహావీర్ హరిణ వనస్థలి, కేబీఆర్ జాతీయ ఉద్యానాలు మూడూ నగరం చుట్టుపక్కలే ఉన్నాయి, వాటి గేట్ల దగ్గర రోజూ మనిషి ఉంటాడు. వాటిలో ఒక చోటైనా ఒక డీప్ ఫ్రీజర్, ఒక రిజిస్టరు, ముద్ర వేసిన రశీదు పుస్తకం ఉంచితే నేను ఆ పెట్టెను మోసుకుని మూడు ఆఫీసులు తిరిగేవాణ్ని కాను. అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వారి లాకోన్స్ అనే వన్యప్రాణి ప్రయోగశాల ఉంది, డీఎన్‌ఏ ద్వారా ఏ జంతువో తేల్చే పని దేశానికంతటికీ చేసిపెడుతోంది. కళేబరం నుంచి చిన్న నమూనా అక్కడికి చేరడానికి దూరమూ లేదు. నెహ్రూ జూలాజికల్ పార్కులో పోస్టుమార్టం చేయగల పశువైద్యులు ఉన్నారు. అంగాలన్నీ ఉన్నాయి, వాటిని కలిపే నరం ఒక్కటే లేదు.

రశీదు గురించి మాత్రం గట్టిగా చెప్పదలిచాను. 57వ సెక్షన్ భారం భుజాల మీద ఉన్నప్పుడు, నేను ఇచ్చాను అని చెప్పుకోవడానికి మామూలు మనిషికి ఉండవలసింది ఒక రశీదు. దొరికిన తేదీ, సమయం, స్థలం, జంతువు, ఎలా చచ్చినట్టుంది, తెచ్చినవారి పేరు, ఫోను, అందుకున్నవారి సంతకం. ఇంతే. దానితో పాటు, సద్భావంతో చెప్పినవారిని వేధించము అన్న హామీ కూడా కావాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డ మనిషిని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఒకప్పుడు జనం ఇలాగే భయపడేవారు. 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఆమోదించాక, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరాక, సాయం చేసినవాడిని కేసులో ఇరికించకూడదన్న మాట జనంలోకి వెళ్లింది. అలాంటి రక్షణ ఒక చిన్న ఉత్తర్వు రూపంలోనైనా ఇక్కడ అవసరం.

ఈ రశీదు లేని భయం పాత వస్తువుల విషయంలో ఇంకా ఎక్కువ. మన నగరంలో పాత ఇళ్లలో, దేవిడీల్లో, తాతల నాటి దుప్పి కొమ్ములు గోడలకు ఉన్నాయి. ఇంట్లో పెద్దాయన పోయాక వారసులు 90 రోజుల్లోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ప్రకటన ఇవ్వాలని చట్టం చెబుతోంది. యాజమాన్య ధ్రువపత్రం ఉండి ఇక వద్దనుకుంటే నోటీసు ఇచ్చి అప్పగించే వీలు కూడా కొత్త సవరణలో కల్పించారు, పరిహారం మాత్రం ఉండదు. ఈ మాట ఎంతమంది ఇళ్లకు చేరింది? చాలా కళాశాలల ప్రయోగశాలల్లోనూ సీసాల్లో పాములు, తాబేళ్లు ఏ కాగితమూ లేకుండా దశాబ్దాలుగా ఉన్నాయి, కొత్తగా చేరిన అధ్యాపకులు వాటిని ముట్టుకోవాలంటేనే జంకుతున్నారు. వీటికీ ఒకసారి లెక్క తీసి, అనుమతి పత్రం ఇచ్చేస్తే ఆ భయం తీరుతుంది.

నెమలి ఈకల గురించి ఒక మాట. దర్గాల దగ్గర, చార్మినార్ చుట్టూ అమ్మే నెమలి పింఛాల విసనకర్రలు అందరికీ తెలిసినవే, నెమలి తోక ఈకలకు చట్టంలో మినహాయింపు ఉంది. కాని ఏటా సహజంగా రాలే ఈక వేరు, చచ్చిన నెమలి నుంచి పీకిన ఈక వేరు. రాలిన ఈక మొదలు శుభ్రంగా, ఎండిన గడ్డిపరకలా ఉంటుంది, పీకినదాని మొదట్లో నెత్తురు, కండ తునక అంటుకుని ఉంటాయి, పరీక్షలో ఆ తేడా పట్టుకుంటారు. చచ్చిన నెమలి ప్రభుత్వ ఆస్తి కాబట్టి దాని తోక పీకడం కూడా ఆ ఆస్తిని పాడుచేయడమే. కరెంటు తీగకు తగిలి రాలిన నెమలి చుట్టూ పిల్లలు మూగి ఈకలు లాగుతుంటే పెద్దలు నవ్వుతూ చూడడం నేను స్వయంగా చూశాను, వారిలో ఎవరికీ అది తప్పన్న ఆలోచనే లేదు.

చచ్చిన నాగుపాముకు నెయ్యి పోసి, నాణెం పెట్టి దహనం చేసే ఆచారం మన ఊళ్లలో ఉంది, నాకు దాని మీద గౌరవమే. అయినా చట్టం దృష్టిలో అదీ వన్యప్రాణే, చెప్పవలసిన బాధ్యత అక్కడా ఉంది. అటవీ సిబ్బంది వచ్చి చూసి, రాసుకుని, ఆ తరువాత ఊరివారి చేతుల మీదుగానే సంస్కారం జరిపించే ఏర్పాటు చేస్తే ఆచారమూ నిలుస్తుంది, లెక్కా నిలుస్తుంది. చచ్చిన పామును వట్టి చేతులతో ముట్టుకోవద్దని మాత్రం ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను. తల తెగిన పాము కూడా కొంతసేపు కాటు వేయగలదు. ముంగిస, నక్క కళేబరాలను చేతులతో తాకితే రేబిస్ ప్రమాదం ఉంటుంది. కనబడగానే దూరం నుంచి ఫోటో తీసి, స్థలం గుర్తుపెట్టుకుని ఫోను చేయడమే మంచిది, మోయవలసి వస్తే చేతులకు రెండు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి.

నగరంలోని ప్రతి పోలీసు స్టేషన్‌లో, ప్రతి టోల్ ప్లాజా దగ్గర తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు పెట్టి, చచ్చిన వన్యప్రాణి కనబడితే ఈ నంబరుకు చెప్పండి, ఈ చోట అప్పగించండి, రశీదు తీసుకోండి అని రాయించమని సైఫాబాద్ అరణ్య భవన్‌లోని పెద్దలను కోరుతున్నాను. పోలీసు శిక్షణలో 39వ సెక్షన్‌కు ఒక గంట కేటాయించమని పోలీసు శాఖను కోరుతున్నాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అతనికి ఒక రిజిస్టరు ఉండి ఉంటే, నన్ను తిప్పి పంపేవాడు కాడని నాకు గట్టి నమ్మకం.

మా పొలం గట్టున వేపచెట్టు మొదట్లో ఆ గుంత మీద ఒక నల్లరాయి గుర్తుగా పెట్టాము. ఏడాది గడిస్తే నేల తన పని తాను చేసి ఎముకలను శుభ్రం చేస్తుంది. నా స్పీడ్ పోస్టు అందుకున్న అధికారి గాని, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గారు గాని రాతపూర్వక అనుమతి ఇస్తే, వారి సిబ్బంది సమక్షంలో తవ్వించి, ఆ అస్థిపంజరాన్ని ప్రభుత్వ ఆస్తిగానే, వారు చెప్పిన ప్రభుత్వ కళాశాల జంతుశాస్త్ర విభాగానికి నా ఖర్చుతో అమర్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
వనస్థలిపురం, హైదరాబాద్.